మోపుదొర దించిన మోపు

తాళ్లవంతెన సగం దాటేసరికి నాగసిరికి వెనక గుర్రాల డెక్కల చప్పుడు వినబడింది. తిరిగి చూసే తీరిక లేదు. కింద లోయ. ఆ లోయకు అడుగుందో లేదో కూడా తెలియదు, తెల్లని మంచు తప్ప ఏమీ కనబడదు. ముందు ఉప్పుకనుమ. మణిశిఖర రాజ్యంలో ఆ పేరెత్తితే ఏడ్చే పసిపిల్లలు కూడా నోరు మూస్తారు. అక్కడికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు గాని, తిరిగివచ్చి అక్కడి ముచ్చట చెప్పినవాడు మాత్రం లేడు.

"ఆగరా ఒరే! ఆ కనుమకు ఎవరూ పోరాదని మహారాజుగారి ఆజ్ఞ!" అని ఒడ్డున నిలబడి అరిచాడు రౌతుల నాయకుడు.

ఒరే అన్నాడంటే మగవేషం ఇంకా చెక్కుచెదరలేదన్నమాట. అంత ఆపదలోనూ నాగసిరికి కాస్త ధైర్యం వచ్చింది. తలపాగా బిగించుకుని, ఊగిపోతున్న వంతెన మీద పరుగు తీసింది. బాణం ఒకటి చెవి పక్కనుంచి రివ్వున పోయింది. ఇంకొకటి తలపాగాలో గుచ్చుకుంది. అవతలి ఒడ్డున కాలు పెట్టీ పెట్టగానే మొలలోని కత్తి లాగి తాళ్ల మీద వేటు వేసింది. వంతెన మెలికలు తిరుగుతూ లోయలోకి జారిపోయింది. రౌతులు ఇక చేసేదేమీ లేక, అవతలి ఒడ్డున నిలబడి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టారు. ఒక్క తిట్టు మాత్రం తిట్టలేదు. అది తిడితే వాళ్ల మెడకే సంకెల పడుతుంది. ఆ ఒక్క తిట్టు కోసమే నాగసిరి ఇంత దూరం వచ్చింది.

ఆ తిట్టు 'మోపుదొర'. మణిశిఖరంలో పసివాళ్ల ముందరి కూడు కూడా లాక్కునే ఏలికను మోపుదొర అంటారు. జనం నెత్తిన మోయలేని మోపులెత్తి, తాను పల్లకి ఎక్కి కూర్చునేవాడని దాని అర్థమని అందరూ అనుకుంటారు. ఆ మాటకు అంతకంటే పాత కథ ఏదైనా ఉందా అని ఎవరూ అడగలేదు. కడుపు కాలేవాళ్లకు మాటల పుట్టుపూర్వోత్తరాలతో పనేమిటి? చండవిక్రమ మహారాజు గద్దెనెక్కి మూడు తరాలు దాటింది. ఆయనకు ముసలితనం రాదు, చావు రాదు. జనం ఇళ్లకు మాత్రం ఆయన భటులు రోజూ వస్తారు. మోపుదొర అన్న మాట పలికినవాడికి చెరసాల అని శాసనం. అందుకని జనం ఆ మాటను తలుపులు వేసుకుని అనుకునేవారు. కోడళ్లు అత్తల్ని కూడా చాటుగా అదే మాటనేవారు గాని, అది వేరే సంగతి.

నాగసిరి తండ్రి బయ్యన్న సంతల్లో కథలు చెప్పి బతికేవాడు. తల్లి లేని పిల్లను భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, కథ చెప్పి, వచ్చిన గింజలతో గంజి కాచి, ముందు పిల్లకు పోసి తరవాత తాను తాగేవాడు. కిందటి సంతలో కథ మంచి పట్టులో ఉండగా ఆ మాట ఆయన నోట జారింది. సరిగ్గా అప్పుడే మహారాజు అంబారీ అటు వచ్చింది. ఆ మాట చెవినబడగానే చండవిక్రముడు మెడను రెండు చేతులా పట్టుకుని, నెత్తిన ఎవరో బండ పెట్టినట్టు కేక పెట్టాడు. బయ్యన్నకు అక్కడికక్కడే సంకెళ్లు పడ్డాయి. అమావాస్య నాడు అతణ్ణి మాంత్రికుడు ధూమ్రనాథుడికి అప్పగిస్తామని దండోరా వేశారు.

నాగసిరి చెరసాల గవాక్షం దగ్గరికి పాకివెళ్లి తండ్రిని చూసింది.

"ఏడవకు బిడ్డా," అన్నాడు బయ్యన్న. "నేను ఆయన కళ్లు చూశాను. అది కోపం కాదు. తప్పిపోయిన పిల్లవాడు ఎవరో తన పేరు పిలిస్తే చూసినట్టు చూశాడు. వైద్యులకు అంతుపట్టని ఆ మెడనొప్పి ఆ మాటలోనే ఉంది. ఆ మాట ఉప్పుకనుమలో పుట్టిందని మా తాత అనేవాడు. ఎలా పుట్టిందో తెలుసుకునిరా. నొప్పి పోగొట్టినవాళ్లు ఏది అడిగితే అది ఇస్తానని రాజు మాట ఇచ్చి ఉన్నాడు గదా."

"నేను వచ్చేదాకా నువ్వు..."

"కథ మధ్యలో చస్తానటే నేను?" అని నవ్వాడు బయ్యన్న. ఆ నవ్వు చూశాక నాగసిరికి దుఃఖం ఇంకా ఎక్కువయింది.

రేపే అమావాస్య.

కనుమలోకి అడుగు పెట్టగానే ఆమె కళ్లు జిగేలుమన్నాయి. రెండు వైపులా ఆకాశాన్నంటే ఉప్పుకొండలు. పొద్దు వాటి మీద పడి ఒకచోట ముత్యాల మేడలు కట్టింది, ఒకచోట వెండి వాగులు పారించింది, ఒకచోట తామర రేకుల రంగు పూసి వదిలేసింది. దేవతలు విహారానికి వచ్చే చోటు ఇలాగే ఉంటుందేమో అనిపించేటంత అందం. కాని చెట్టు లేదు, పిట్ట లేదు, చీమ కూడా లేదు. దారికి అటూ ఇటూ ఉప్పుస్తంభాలు బారులు తీరి ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే అవి స్తంభాలు కావు, మనుషులు. కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే, పిడికిలి బిగించినవాడు బిగించినట్టే ఉప్పయిపోయి ఉన్నారు. ప్రతి నోరూ తెరుచుకునే ఉంది. అన్ని నోళ్లూ ఒకే మాట దగ్గర ఆగిపోయినట్టున్నాయి.

ఇక్కడ ఆ మాటను కసితో అన్నవాడు ఉప్పయిపోతాడని నాగసిరికి తెలిసిపోయింది. అంగీ చెరగు నోట్లో కుక్కుకుని, తల వంచుకుని ముందుకు నడిచింది.

అంతలో తల మీద నీడ పడింది. కారుపొగతో చేసిన రాబందు, ధూమ్రనాథుడి కావలిపిట్ట! నాగసిరి కత్తి విసిరితే అది పొగలోంచి దూసుకుపోయి అవతల పడింది. ఒళ్లంతా పొగే అయినా దాని గోళ్లు మాత్రం నిజం గోళ్లే. వీపు మీద అంగీ చీరుకుపోయింది, కింద చర్మమూ చీరుకుపోయింది. అరవబోతే నోట్లో గుడ్డ. పక్కనే ఉప్పునీళ్ల మడుగు. పిట్ట మళ్లీ దిగేదాకా కదలకుండా నిలబడి, దిగగానే దాని కాళ్లు రెండూ దొరకబుచ్చుకుని దానితో సహా మడుగులోకి దూకేసింది. నీళ్లు బుస్సుమన్నాయి. పొగంతా ఆరిపోయి ఆమె చేతుల్లో గోళ్లు మాత్రం మిగిలాయి.

ఒళ్లంతా మంటలతో ఒడ్డెక్కేసరికి ఎదురుగా ఒక గుహ. గుహ ముందు ఒక అవ్వ కూర్చుని చీపురుకట్టతో ఉప్పు పోగు చేస్తోంది.

"పుండుకు ఉప్పునీళ్లు మంచివే బిడ్డా, చీము పట్టదు," అంది అవ్వ, తల ఎత్తకుండానే. "మంట మాత్రం ఓర్చుకోవాల. అవునూ, ఆడపిల్లవి, మగవేషం ఎందుకేశావు?"

"ఎలా కనిపెట్టావవ్వా?"

"ఇక్కడికొచ్చిన మగధీరులంతా అరిచి చచ్చారు. నోట్లో గుడ్డ పెట్టుకునొచ్చింది నువ్వే."

నాగసిరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గుడ్డ తీసి, అవ్వ కాళ్ల దగ్గర కూలబడింది. "అవ్వా, ఒక మాట పుట్టిన చోటు వెతుక్కుంటూ వచ్చాను. అది తెలియకపోతే మా నాయన దక్కడు. ఆ మాట ఇక్కడ పలకాలంటే భయంగా ఉంది."

చీపురు ఆగింది. అవ్వ కనుమ వైపు చూసి, పొలానికి పోయినవాణ్ణి అన్నానికి పిలిచినట్టు, "మోపుదొరా!" అంది. ఆమె ఉప్పు కాలేదు. ఆ మాటను అంత ముద్దుగా అనవచ్చని నాగసిరికి అప్పటిదాకా తెలియదు.

"ఆయన నా పెనిమిటి," అంది అవ్వ. "నా పేరు మాచవ్వ. మీరంతా చండవిక్రముడంటారే, ఆయన పేరు గుండన్న. ఇక్కణ్ణుంచి ఉప్పు నెత్తిన పెట్టుకుని కోటలో అమ్ముకొచ్చేవాడు."

ఆమె చెప్పుకుపోయింది. ఒకప్పుడు పగవాళ్లు వచ్చి కోటను చుట్టుముట్టారు. రాజవంశపు రాజు నగల పెట్టెలు సర్దుకుని దొడ్డిదారిన పారిపోయాడు. లోపల జనం ఆకులు తిన్నారు, తోలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఇక మనుషులు రాలిపోతారనగా గుండన్నకు, తనకు మాత్రమే తెలిసిన సొరంగం ఒకటి గుర్తొచ్చింది. కొండ కడుపులోంచి కోటలోని గాదెల దగ్గర తేలుతుంది. ఆ దారిన ఆయన ఊళ్లలో అడుక్కున్న గింజలు మూట కట్టి నెత్తిన పెట్టుకుని కోటలోకి మోసుకుపోయాడు. మెడ నరాలు చిట్లినా ఆపలేదు.

"కన్నంలోంచి ముందు మూట కనపడేది, తరవాత ఆయన తల. పిల్లలు 'మోపుదొరొచ్చాడు, మోపుదొరొచ్చాడు' అని గెంతేవాళ్లు. ఆ మాట అట్టా పుట్టింది బిడ్డా, ఆకలిగొన్న పిల్లల నోట్లో. కోటలో ఉన్న దొరలంతా పారిపోయారుగా, మోపు మోసేవాడే దొరయ్యాడు. పగవాళ్లు విసిగి వెళ్లిపోయాక జనం ఈయన్నే గద్దె మీద కూచోబెట్టారు. రాజుల రక్తం కాదు, ఏమీ కాదు. ఆ తరవాత ఎవడైనా పుట్టుకతో కాకుండా జనం పిలుపుతో ఏలితే వాణ్ణి మోపుదొర అనాలని పెద్దలు తీర్మానం కూడా చేశారు."

"మరి అంత మంచిమాట తిట్టెలా అయిందవ్వా?"

మాచవ్వ చీపురు పక్కన పెట్టింది. అప్పటి ఆచారం ఒకటి చెప్పింది. ప్రతి పంటకూ ఇంటికో గుప్పెడు గింజలు పోగుచేసి మూట కట్టేవారు. ఆ మూటను ఏలిక తానే నెత్తిన పెట్టుకుని, కోటవాకిలి నుంచి కొండ మీది గాదెదాకా మెట్లెక్కాలి. మూట తేలికయిన ఏడు, ఏ ఇంట గుప్పెడు తగ్గిందో కనుక్కుని, అదే నెత్తితో ఆ ఇంటికి గింజలు దించి రావాలి. "మీ గింజలు నా నెత్తిన ఉంటేనే మీ కష్టం నాకు తెలుస్తది" అనేవాడట గుండన్న.

"ఒక ఏడు ఆయనకు జొరం. వద్దన్నా వినకుండా మూట ఎత్తుకున్నాడు. మెట్ల మీద కాళ్లు వణికాయి. నేను చూడలేకపోయాను బిడ్డా. పరిగెత్తుకెళ్లి ఆయన నెత్తిమీది మూట దించాను. అది చూసి జనం కూడా వచ్చారు. ఇన్నాళ్లు నువ్వు మోశావు, ఇయ్యాళ మేం మోస్తాం దొరా అని ఏడుస్తూ మోశారు. అంతా ప్రేమే. మరుసటి ఏడు జొరం లేదు, అయినా జనం మోయనియ్యలేదు. ఆ తరవాత ఆయనే ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు, ఎవరు మోస్తారా అని. పల్లకి వచ్చింది. మూట బండెడు అయింది, బండి పది బళ్లయింది. ఎంత బరువుందో మోయనివాడికి ఏం తెలుసు?"

గద్దె రుచి తెలిశాక చావంటే భయం పుట్టింది. ధూమ్రనాథుడు వచ్చాడు. నాకూ నా పెండ్లానికీ చావు లేకుండా చెయ్యమని అడిగాడట గుండన్న. మాంత్రికుడు వెలగా అడిగింది ఒక్కటే, గద్దెనెక్కక ముందటి జ్ఞాపకమంతా ఇమ్మన్నాడు. ఇచ్చేశాడు.

"తెల్లారి నన్ను చూసి, ఎవరీ ఉప్పమ్మేది, గెంటెయ్యండి అన్నాడు. చావు నాకూ లేదు, ముసలితనం మాత్రం నన్నొదల్లేదు. అంతే," అంది మాచవ్వ. ఆమె కళ్లలో నీళ్లు లేవు, ఎప్పుడో అయిపోయాయి. "జనం మాత్రం ఆ మాట వదల్లేదు. అవే నోళ్లు, అదే పిలుపు. గొంతులో ప్రేమ పోయి కసి చేరింది."

నాగసిరి ఆ రాత్రి గాయాల జ్వరంతో గుహలోనే పడిపోయింది. తెల్లవారి లేచేసరికి మాచవ్వ ఆమె చేతిలో ఒక పాత చుట్టకుదురు పెట్టింది. బరువు మోసేవాళ్లు నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్ట. పాత కోకచెంగు, అందులో నల్లని తలవెంట్రుకలు కలిపి అల్లి ఉన్నాయి.

"నా జుట్టుతోనే అల్లాను. దీని మీద మోపు ఉన్నంతసేపు ఆయనకేం కాకూడదని కొండదేవరకు మొక్కుకున్నాను. ఇది నెత్తిన పడితే అన్నీ గుర్తొస్తాయి. గుర్తొస్తే మాంత్రికుడి వరం పోతుంది, మా ఇద్దరి ఏళ్లూ ఒక్కసారే మీద పడతాయి."

"అవ్వా! నువ్వు కూడా..."

"చాల్లే తల్లీ, ఇంకెన్నాళ్లు? ఒక్కటి చెయ్యి. మూట దించింది నేనేనని, తప్పు నాదేనని ఆయనతో చెప్పు. వీలయితే ఇటు తీసుకురా. మోపు నెత్తిన ఉంటే నా దాకా వస్తాడు. దారిలో ఎవరు దించబోయినా దించనియ్యకు. నాలాంటి మంచివాళ్లు దారి పొడుగునా ఉంటారు."

ఏడుస్తూనే నాగసిరి సొరంగంలో దిగింది. కొండ చుట్టూ తిరిగితే వారం రోజుల దారి, కొండ కడుపులోంచి ఒక్క పూట నడక. ఆ దారిలో గబ్బిలాలు ముసురుకున్నాయి, రాళ్లు కూలాయి, మెట్లు మెట్లుగా ఎక్కి ఎక్కి మోకాళ్లు కొట్టుకుపోయాయి. మిట్టమధ్యాహ్నం వేళకు మణిశిఖరపు గాదెల మధ్య తేలింది.

చండవిక్రముడి కొలువు గురించి చెప్పాలంటే వెయ్యి నాలుకలూ చాలవు. పగడాల స్తంభాలు, పచ్చల తోరణాలు, కాలు పెడితే ముఖం కనబడే స్ఫటికపు నేల, పన్నీరు చిమ్మే చిలుకలు, నవరత్నాల గొడుగు కింద సింహాసనం. దాని మీద నిత్యయౌవనంతో మెరిసిపోతున్న మహారాజు. తల మాత్రం బోసి. కిరీటం పక్కన పట్టుదిండు మీద ఉంది. రాజ్యంలో ప్రతి నెత్తినా బరువు పెట్టిన దొర తన నెత్తిన కిరీటం కూడా మోయలేడు! పక్కన ధూమ్రనాథుడు, మెడలో నల్లని శంఖంతో నిలబడి ఉన్నాడు. మిగిలినవాళ్లు సభాసదులు. రాజు దగ్గితే దగ్గడం, నవ్వితే నవ్వడం వాళ్ల పని, అది చక్కగా చేస్తున్నారు.

చిరిగిన అంగీతో, ఒంటి మీద ఉప్పుచారలతో, మెడనొప్పికి మందు తెచ్చానంటూ వచ్చిన కుర్ర వైద్యుణ్ణి చూసి రాజు నవ్వాడు. సభ నవ్వింది.

"నీ మందేమిటోయ్?"

"ఒక కథ, ఒక గుడ్డచుట్ట, దేవరా. కథలో అనకూడని మాట ఒకటుంది. అభయం ఇస్తే చెబుతాను."

"ప్రభూ, వద్దు!" అన్నాడు ధూమ్రనాథుడు చటుక్కున. అతని గొంతులో భయం విని రాజు ఆశ్చర్యపోయాడు. ఇంతమంది వైద్యులు వచ్చినప్పుడు ఏమీ అనని మాంత్రికుడు ఇప్పుడెందుకు అడ్డుతున్నాడు?

"అభయమిచ్చాను. చెప్పు."

నాగసిరి చెప్పింది. తండ్రి ఎలా చెబుతాడో అలాగే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి చెప్పింది. ఆకలిగొన్న పిల్లలు మోపుదొరొచ్చాడని గెంతినచోట రాజు మెడ పట్టుకుని మూలిగాడు గాని ఆపమనలేదు. మెట్ల మీద కాళ్లు వణికినచోట సింహాసనం చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"మూట దించింది తానేనని, తప్పు తనదేనని చెప్పమంది దేవరా."

"ఎవరు?" అన్నాడు చండవిక్రముడు. "ఎవరు చెప్పమంది?"

ధూమ్రనాథుడు మంత్రదండం నేలకు కొట్టాడు. నేలంతా పొగపాములు లేచాయి. భటులు కత్తులు పారేసి పరుగెత్తారు. నాగసిరి పాముల మీంచి దూకి, సింహాసనం మెట్లెక్కి, చుట్టకుదురు రాజు నెత్తిన పెట్టి, అవ్వ పిలిచినట్టే పిలిచింది.

"మోపుదొరా! మాచవ్వ పిలుస్తోంది!"

పాములు పొగై పోయాయి.  రాజు చెయ్యి మెల్లగా లేచి ఆ కుదురును తడిమింది, అందులోని వెంట్రుకను వేళ్లతో పట్టుకుంది.

"మాచీ," అన్నాడు. అతని కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి. "మూట దించినప్పుడు దాని చెయ్యి ఎంత చల్లగా ఉందో! ఆ చల్లదనం మరిగాను. తప్పు దానిది కాదురా, మరిగింది నేను." చెబుతుండగానే కణతల దగ్గర జుట్టు నెరిసింది. నుదుట ముడతలు పడ్డాయి. "ఏం కావాలో అడుగు బాబూ."

నాగసిరి తలపాగా విప్పేసింది. "మా నాయన కావాలి. కథలు చెప్పే బయ్యన్న."

"తీసుకో!" అని పకపకా నవ్వాడు ధూమ్రనాథుడు. "వాణ్ణి ఉదయమే నాకు అప్పగించారు!"

ఇద్దరు భటులు బయ్యన్నను నడిపించుకొచ్చారు. నడిపించడమేమిటి, బొండకొయ్యల్లో బిగించడంతో కాళ్లు చచ్చుబడిపోయిన మనిషిని మోసుకొచ్చారు. ఎండుపుల్లలా అయిపోయాడు. నాగసిరి పరుగున వెళ్లి, "నాయనా!" అని కావలించుకుంది. బయ్యన్న ఆమె తల నిమరలేదు. ఎవరో పరాయి పిల్ల తన దగ్గర ఎందుకేడుస్తోందో తెలియక ఇబ్బంది పడ్డాడు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు, సంతలో కొత్తవాళ్లను అడిగినట్టు మర్యాదగా. "మీ వాళ్లెవరైనా తప్పిపోయారా?"

నాగసిరి ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. పొగ రాబందు గోళ్లు ఇంత బాధ పెట్టలేదు.

మాంత్రికులకు ఒక జబ్బుంది, గెలిచామనుకున్నప్పుడు రహస్యం దాచుకోలేరు. "వాడి జ్ఞాపకమంతా ఈ శంఖంలో ఉంది," అన్నాడు ధూమ్రనాథుడు, మెడలోని శంఖం ఊపుతూ. "పొద్దు గుంకేలోగా వాడి చెవి దగ్గర ఊదితే సరి, లేకపోతే జన్మలో రాదు. శంఖం కావాలంటే ఉప్పుకనుమకు రండి, చూద్దాం!" మరుక్షణం పొగై సుడి తిరుగుతూ, గవాక్షంలోంచి గాదెల వైపు, సొరంగం వైపు పోయాడు.

నాగసిరి తండ్రిని లేవదీయబోయింది. ఆయన కాళ్లు నిలబడలేదు. ఆ మెట్లదారిలో గుర్రం పోదు, పల్లకి పోదు. సభాసదులు గోడలకు అతుక్కుపోయి ఉన్నారు. అప్పుడు సింహాసనం మీంచి ఒక వృద్ధుడు దిగి వచ్చాడు. పట్టుబట్టలు ఆయన ఒంటి మీద వదులై వేలాడుతున్నాయి. పెద్ద గంపలోని ఫలాలు కుమ్మరించి, బయ్యన్నను అందులో కూర్చోబెట్టాడు. మోకాలి మీద కూర్చుని, గంప అంచు పట్టుకుని, ఒక్క ఊపుతో నెత్తిన ఎత్తుకున్నాడు. చుట్టకుదురు మీద గంప సరిగ్గా కుదురుకుంది. నెరుస్తున్న జుట్టు నెరుస్తున్నచోటే ఆగింది.

"నడు బిడ్డా," అన్నాడు. "ఈ దారి నాకు తెలుసు."

కోటవీధిలో జనం కిక్కిరిసి ఉన్నారు. కొలువులో ఏదో జరిగిందని తెలుసు గాని ఏం జరిగిందో తెలియదు. కిరీటం లేని, భటులు లేని, చింకి మూటలాంటి మనిషిని గంపలో పెట్టుకుని మోస్తున్న ఆ ముసలివాడు ఎవరో వాళ్లెవరూ గుర్తుపట్టలేదు. మూడు తరాలుగా వాళ్లు చూసింది అంబారీ మీది యువకుణ్ణి.

గాదెల మెట్లు మొదలయ్యాయి. మొదటి మలుపు దగ్గరే ఆయన కాళ్లు వణికాయి. గంప పక్కకు ఒరిగింది. నాగసిరి గంప అంచు పట్టబోయి ఆగింది. పైన తండ్రి, కింద ఆయన, అవతల గుహ ముందు మాచవ్వ. గంప దించితే ముగ్గురూ దక్కరు.

"అయ్యో, పెద్దాయన పడిపోతున్నాడు! పట్టుకోండయ్యా, దించండి!" అంటూ ఒక ఇల్లాలు చేతులు చాపి పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనక పదిమంది. ఎంత మంచి ముఖాలో! ఇన్నేళ్లు బరువులు మోసి వంగిపోయిన మెడలు, అయినా ఇంకొకరి బరువు చూసి ఆగలేని చేతులు.

నాగసిరి మెట్టుకు అడ్డంగా నిలబడి చేతులు చాచింది. "దించకండి! ఎవరూ ముట్టుకోవద్దు. ఆయన్నే మోయనివ్వండి!"

ఇల్లాలు నిర్ఘాంతపోయింది. పిల్లను కిందికీ మీదికీ చూసింది. శాసనం, చెరసాల, భయం అన్నీ మరిచిపోయి నోరు చేసుకుంది.

"నీకు మనసనేది ఉందా? నువ్వు చేతులూపుకుంటూ నడుస్తూ చావబోయే ముసలాయన చేత మోయిస్తావా? ఇంత చిన్న ఈడులోనే ఎంత మోపుదొరవయ్యావే నువ్వు!"

ఆ మాట వీధంతా వినబడింది. నాగసిరి చేతులు దించలేదు. కళ్ల నీళ్లలో ఆమెకు మెట్లు కూడా కనబడటం లేదు. 

అప్పుడు గంప కింద నుంచి, రొప్పుతూ, ఎవరో తనను పిలిచారనుకున్న ముసలిగొంతు ఒకటి పలికింది.

"ఆఁ, వస్తున్నానమ్మా. ఇదిగో, తెచ్చేస్తున్నా."

వణికే కాలు మెల్లగా తరవాతి మెట్టు మీద పడింది. పైన సొరంగం నోట్లోంచి ధూమ్రనాథుడి నల్లని పొగ వాళ్లకు అడ్డంగా దిగసాగింది.